మోకు జార్చని చిట్టియ్య

రామచంద్రపురం వైపు కాలవ గట్ల మీద పడవలు లాగి బతికినవాళ్ళలో చిట్టియ్యంత బలశాలి ఇంకొకడు లేడనేవారు. బలం సంగతి అలా ఉంచండి, అంత మొండివాడు మాత్రం నిజంగానే లేడు. ధవళేశ్వరంలో ఆనకట్ట లేచి, కాలవలు తవ్వి, ఊళ్ళ మధ్య పడవలు తిరగడం మొదలయ్యాక పుట్టిన మనిషి. ఆ రోజుల్లో ఈ లంకల్లో, చేలల్లో రోడ్డెక్కడిది? ధాన్యం వెళ్ళాలన్నా పడవే, కొబ్బరికాయలు వెళ్ళాలన్నా పడవే, పెళ్ళివారు తరలాలన్నా పడవే. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. గాలి లేకపోతే మనుషులు గట్టెక్కి, కొబ్బరిపీచుతో పేనిన లావుపాటి మోకు భుజాన వేసుకుని, నడుములు వంచి లాక్కుపోవలసిందే. చిట్టియ్య ముందు మనిషి. అతని అడుగును బట్టే వెనకవాళ్ళ అడుగు.

గట్టు మీద ఒక మర్యాద ఉండేది. రెండు పడవలు ఎదురుపడితే, దిగువకు పోయే పడవవాళ్ళు తమ మోకు వదులు చేసి నీళ్ళలోకి జార్చాలి. వాలున పోయే పడవను కాసేపు లాగకపోతే కొంపలేమీ మునగవు. ఎగువకు వచ్చే పడవ ఆ మునిగిన మోకు మీదుగా సాగిపోతుంది. ఇది ఎవరూ రాసిపెట్టింది కాదు, అయినా అందరూ పాటించేవారు. ఒక్క చిట్టియ్య తప్ప. ఎగువకు పోతున్నా, దిగువకు పోతున్నా అతను మోకు జార్చడు. ఎదుటివాడే జార్చాలి. జార్చకపోతే నోటికి పని, నోటితో అవకపోతే చేతికి పని. గట్టు మీద అతనికి ‘మోకు జార్చని చిట్టియ్య’ అని పేరు పడింది. ఆ పేరు విని సిగ్గుపడవలసింది పోయి, మీసం మీద చెయ్యి వేసుకునేవాడు!

ఆ మీసం గంగరాజు కొంప తీసింది.

గంగరాజు చిట్టియ్య భార్య వీరమ్మకి అన్న. అతనూ పడవలు లాగేవాడే గాని, అసలు నేర్పంతా మోకులు పేనడంలో ఉండేది. గంగరాజు పేనిన మోకంటే పడవ నడిపించే సరంగులు లాగి చూడకుండానే కొనేవారు. ఒక ఏడు మాసూళ్ళయి ధాన్యం కదిలే రోజుల్లో, కాలవ నీటికి తలుపులు బిగించిన లాకుకు కొంచెం ఇవతల, రాతికట్టు దగ్గర బావా బావమరుదులు ఎదురుపడ్డారు. గంగరాజు నిండు ధాన్యం పడవతో ఎగువకు వస్తున్నాడు. చిట్టియ్య ఖాళీ పడవతో దిగువకు పోతున్నాడు. ఎవరు జార్చాలో పాలు తాగే పిల్లను అడిగినా చెబుతుంది. అయినా చిట్టియ్య జార్చలేదు. మోకులు రెండూ పెనవేసుకున్నాయి. అటువాళ్ళ కేకలు, ఇటువాళ్ళ కేకలు. ఇంతలో తన పడవ అడ్డం తిరిగి రాతికట్టుకు కొట్టుకునేలా ఉందని చిట్టియ్యకి కంగారు పుట్టింది. మొలలో కత్తి తీసి, గంగరాజు మోకును కోసేశాడు. ఉన్న బలమంతా పెట్టి ముందుకు వంగి లాగుతున్న గంగరాజు బోర్లా రాళ్ళ మీద పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది.

ఆ గలాభాలో కత్తి ఎవరి కంటా పడలేదు. పేట పెద్దలు కూర్చోబెట్టి అడిగితే, మోకు దానంతటదే తెగిందని, పీచు కుళ్ళిపోయి ఉందని చిట్టియ్య తడుముకోకుండా చెప్పాడు. తెగిన మోకు ఎప్పుడో కాలవలో కొట్టుకుపోయింది. చూసి చెప్పేవాళ్ళు లేరు. పెద్దలు తలలూపి లేచిపోయారు.

మణికట్టు వంకరగా అతుక్కుంది. ఇక పడవ లాగే పని పోయింది. అదొక్కటే అయితే గంగరాజు ఎలాగో ఓర్చుకునేవాడేమో. కాని కుళ్ళు పీచన్న మాట గట్టంతా పాకిపోయి, సరంగులు అతని మోకులు కొనడం మానేశారు. పశువుల పలుపులూ చేదతాళ్ళూ పేనుకుంటూ లాకు దగ్గర కూర్చునేవాడు. మొదట్లో, నా మోకు తెగదు అని దొరికిన ప్రతివాడికీ చెప్పేవాడు. రానురాను ఆ మాటా మానేశాడు. పేనిన తాడు పురి విప్పి, పీచు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడని జనం చెప్పుకునేవారు. తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది, పాపం.

మోకు జార్చనివాడి ఇంటి మనిషి తన గడప తొక్కడానికి వీల్లేదన్నాడు గంగరాజు. అంటే చెల్లెలు కూడా తొక్కకూడదు. ఆ ఇల్లు ఎంతో దూరాన లేదు, కాలవకు అవతలి గట్టునే. పొద్దున్నే వీరమ్మ ఇవతలి రేవులో గిన్నెలు తోముకునే వేళకి, తల్లి అచ్చాయమ్మ అవతలి రేవులోకి దిగేది. మధ్యన నాలుగు బారల నీళ్ళు. ముసలావిడ చెయ్యి ఎత్తేది, కూతురు చెయ్యి ఎత్తేది. కేకేసి మాట్లాడుకుంటే గంగరాజు వింటాడని ఇద్దరూ నోరు మెదిపేవారు కారు. ఏళ్ళ తరబడి అదే వాళ్ళ పలకరింపు. చిట్టియ్య అది చూసేవాడు, చూడనట్టు మొహం తిప్పుకునేవాడు.

అలాంటివాణ్ణి కదిలించినది ఒక బడిపంతులు. జీవరాజు పంతులు మిషను బడి నుంచి ఆదివారాలు ఊరూరా వాక్యం చెప్పడానికి పడవలోనే తిరిగేవాడు. లాకు తలుపులు తెరిచేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని, పడవలో ఉన్నవాళ్ళకి యేసు కథ చెబుతూ ఉండేవాడు. చిట్టియ్యకి పాటలూ ప్రార్థనలూ తలకెక్కలేదు. కాని యేసు మీద అబద్ధపు సాక్ష్యాలు చెప్పారన్న చోట, ఉమ్మి వేసినా కొట్టినా ఊరుకున్నాడన్న చోట, గట్టు దిగి పడవ దగ్గరికి వచ్చాడు.

“ఆయనకి కోపం రాలేదా అండి?” అని అడిగాడు.

“వచ్చేది చిట్టియ్యా. గుడిలో బేరాలు పెట్టినవాళ్ళని తరిమేశాడు కూడా. కాని తన కోసం మాత్రం ఎప్పుడూ తెచ్చుకోలేదు” అన్నాడు పంతులు.

ఆ మాట చిట్టియ్యకి ముల్లులా దిగబడింది. అతని కోపాలన్నీ తన కోసమే కదా! తర్వాత వారం కూడా అడిగాడు, ఆ తర్వాతా అడిగాడు. గురువై ఉండి శిష్యుల కాళ్ళు కడిగాడని విన్న రోజున అన్నం కూడా సరిగ్గా తినలేదు. కల్లు మానేశాడు. బూతులు మానడానికి ఇంకొంత కాలం పట్టింది. చివరికి వీరమ్మతో సహా బాప్తీస్మం పుచ్చుకున్నాడు. పాదిరిగారు జ్ఞానప్రకాశం అని పేరు పెట్టారు గాని, గట్టు మీద ఒక్కడూ ఆ పేరు పలికిన పాపాన పోలేదు. పేరు మారితే పొగరు మారుతుందా, చూద్దాం అన్నారు.

మారిందని చూపించాలని చిట్టియ్యకి మహా ఆత్రం. కాళ్ళు కడగడమంటే మన పనిలో మోకు జార్చడమేనని తేల్చుకున్నాడు. ఇక చూసుకోండి! ఎదురొచ్చిన ప్రతి పడవకీ జార్చడమే. దిగువకు పోయేటప్పుడు జార్చితే మర్యాద. ఈయన నిండు బరువుతో ఎగువకు లాగుతూ కూడా జార్చేవాడు. లాగుడు ఆగితే బరువు పడవ ఊరుకుంటుందా? నీళ్ళు వెనక్కి తోసుకుపోయేవి. వచ్చిన దారే మళ్ళీ లాగలేక వెనకవాళ్ళకి నాలుకలు బయటికి వచ్చేవి. ఎదుటివాళ్ళు మాత్రం నవ్వుకుంటూ పోయేవారు. ఒకసారి పడవ వెళ్ళి గట్టుకు కొట్టుకుని ధాన్యం బస్తాలు తడిశాయి. సరంగు బుల్లబ్బాయికి ఒళ్ళు మండిపోయింది. నువ్వు జార్చనప్పుడే నయంరా బాబూ, నీ పుణ్యం నువ్వొక్కడివే లాక్కో అన్నాడు. అదీ నిజమే.

చిట్టియ్య చిన్నబుచ్చుకుని పంతులు దగ్గరికి పోయాడు. పంతులు నవ్వు ఆపుకుని, యేసు శిష్యుల కాళ్ళు తన చేతులతో కడిగాడని, చిట్టియ్య తగ్గింపు మాత్రం పక్కవాళ్ళ నడుముల మీద నడుస్తోందని చెప్పాడు. నీకు కష్టమైనది ఏదో అది చెయ్యి అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాటే వీరమ్మతో అన్నాడు. ఆమె చేట పక్కన పెట్టి అతని మొహంలోకి చూసింది.

“దారిన పోయే ప్రతివాడికీ జారుస్తున్నావు. మా అన్నకి జార్చవలసిన రోజున జార్చలేదు” అంది.

ఆమెకి కత్తి సంగతి తెలియదు. తెలియకుండానే సరిగ్గా అక్కడే వేలు పెట్టింది.  తనకు కష్టమైనదేదో అతనికి మొదటి నుంచీ తెలుసు. దేవుడితో చెప్పుకున్నాడు, ఒకసారి కాదు, పదిసార్లు. దేవుడు క్షమించాడనే నమ్మాడు. కాని దేవుడు వచ్చి గంగరాజు మోకులు అమ్మిపెట్టడు కదా. పీచు కుళ్ళిందన్న అబద్ధం గట్టంతా పాకింది, నిజం కూడా గట్టు మీదే చెప్పాలి. చెబితే ఏమవుతుంది? ఇన్నాళ్ళ పేరూ పోతుంది. పనిలోంచి తీసేసినా తీసేస్తారు. పెద్దల ముందు అబద్ధమాడినవాణ్ణి పేట ఊరుకోదు. గంగరాజు ఆ వంకర చేత్తోనే పీక పిసికినా ఆశ్చర్యం లేదు. అన్నిటికన్నా, వీరమ్మ మొహం ఎలా చూడాలి? రెండు ఆదివారాలు ఇదే గుంజాటనతో గడిచాయి. 

ఆ వారం లాకు దగ్గర పడవలు బాగా ఆగిపోయాయి. సరంగులు, లాగేవాళ్ళు గట్టంతా ఉన్నారు. గంగరాజు ఎప్పటిలాగే పలుపులు ముందు వేసుకుని రాతికట్టు మీద కూర్చున్నాడు. చిట్టియ్య భుజాన ఉన్న మోకు బుల్లబ్బాయి చేతికిచ్చి, తిన్నగా అతని ముందుకు పోయి నిలబడ్డాడు.  కొట్లాట చూద్దామని నలుగురూ దగ్గరికి జరిగారు. గంగరాజు తల ఎత్తలేదు.

చిట్టియ్య నిలబడి చెప్పలేకపోయాడు. కింద కూర్చున్నాడు.

“బావా, ఆ రోజు నీ మోకు తెగలేదు” అన్నాడు.

గంగరాజు చేతిలో పేనుతున్న పురి ఆగింది.

“ఏంటన్నావు?”

“తెగలేదు బావా. పీచు కుళ్ళలేదు. నేనే కత్తితో కోశాను. పెద్దల దగ్గర అబద్ధమాడాను.”

అందరూ వినాలని మళ్ళీ ఒకసారి గట్టిగా అన్నాడు.  గంగరాజు లేస్తాడని, పక్కనున్న పడవ గెడ అందుకుంటాడని అందరూ అనుకున్నారు. చిట్టియ్యా అదే అనుకున్నాడు. కొడితే చెయ్యి అడ్డం పెట్టకూడదని ముందే నిశ్చయించుకుని వచ్చాడు. కాని గంగరాజు తన చేతుల వంక చూసుకుంటున్నాడు. 

“తెగలేదా?” అన్నాడు. “నా మోకు తెగలేదా?”

“తెగలేదు.”

ఏళ్ళ తరబడి పురులు విప్పి వాసన చూసుకున్న మనిషి అందరి ముందూ భోరున ఏడ్చేశాడు. చెయ్యి విరిగిన రోజున కూడా అతను ఏడవలేదని అక్కడివాళ్ళకి తెలుసు. చిట్టియ్య కూడా ఏడ్చాడు. ఓదార్చే హక్కు తనకు లేదని తెలుసు గనుక అతన్ని ముట్టుకోలేదు.

లాకు తలుపులు తెరిచారు. పడవలు కదలాలి. అప్పుడు చిట్టియ్య, ఈ పడవ నీ మోకుతోనే లాగుతాను, ఇంట్లో ఏదైనా ఉందా బావా అని అడిగాడు. కొననివాళ్ళ కోసం ఎవరు పేనుతారు? అయినా ఉంది. చెయ్యి మరిచిపోకూడదని పేనుకున్న మోకొకటి గుడిసె చూరున వేలాడుతోంది. కట్టుకుంటే కట్టుకో, నేను ఇవ్వను, తీసుకుపోతే అడ్డుపడను అన్నాడు గంగరాజు. చిట్టియ్యే అవతలి గట్టుకు పోయి తెచ్చుకున్నాడు. బుల్లబ్బాయి ఆ మోకును రెండు చేతులా లాగి చూశాడు, మారు మాట్లాడకుండా పడవకు కట్టించాడు. ఆ చివర కట్టి, ఈ చివర చిట్టియ్య తన భుజానికి ముడి వేసుకుంటున్నాడు. ముడి సరిగ్గా పడటం లేదు.

గంగరాజు లేచి వచ్చాడు. అతని చేతిలోంచి మోకు లాక్కుని, వేసిన ముడి విప్పేశాడు. వంకర మణికట్టుతోనే, పంటి సాయం తీసుకుని, మళ్ళీ ముడి బిగించాడు.

“నీకు లాగడమే వచ్చు, ముడి వెయ్యడం ఏనాడూ రాలేదు” అన్నాడు. ఆగి, వేరేవైపు చూస్తూ, “చెల్లాయిని పంపు. అమ్మ రేవులోకి దిగలేకపోతోంది” అన్నాడు.

నిండు బరువుతో ఎగువకు ఆ రోజంతా లాగారు. ఆ మోకు తెగలేదని వేరే చెప్పాలా?

మర్నాడు చిట్టియ్య ఇంటికి చేరేసరికి వీరమ్మ పొయ్యి దగ్గర ఉంది. ఎసట్లో బియ్యం ఉడుకుతున్నాయి. జరిగినదంతా గుమ్మంలో నిలబడే చెప్పాడు. కత్తి సంగతి చెప్పేటప్పుడు తల వంచుకున్నాడు.

“నువ్వే కోశావా?” అంది ఆమె.

అవునన్నాడు.  ఆమె కళ్ళలో కోపం ఉంది, నీళ్ళూ ఉన్నాయి.  చీర కొంగు దులుపుకుని లేచింది.

“రేపు మీ అన్న ఇంటికి తీసుకెళతాను” అన్నాడు.

“రేపెందుకు? ఇప్పుడే వెళతాను. అన్నం అయిపోవచ్చింది, వార్చుకో” అని గడప దాటింది.

చిట్టియ్య పుట్టి బుద్ధెరిగాక గంజి వార్చినవాడు కాడు. గుడ్డ పట్టుకుని కుండ వంచబోతే ఆవిరి కొట్టి చెయ్యి కాలింది. ఇంకెవరూ లేరు, తిట్టుకోవడానికి తనే ఉన్నాడు. ఆ తిట్టూ తిట్టుకోకుండా కుండ దింపి, కాలిన చెయ్యి కాలవ నీళ్ళలో పెడదామని రేవుకు పోయాడు. అవతలి రేవు మెట్ల మీద ముసలావిడ కూర్చుని ఉంది. కూతురు పక్కనే కూర్చుని ఆమె కాళ్ళు నీళ్ళతో కడుగుతోంది. ఇద్దరూ ఏదో గట్టిగా మాట్లాడుకుంటున్నారు.

చిట్టియ్య వెనక్కి వచ్చేసరికి అన్నం మెత్తబడిపోయింది. ఉప్పు వేసుకుని అదే తిన్నాడు.