మూడు సిరీసులు, మా నాయన తీర్పు

మా నాయనకు ఇంగ్లిషు అంతంత మాత్రం. చక్కెర జబ్బుతో చూపు పోయి రెండేళ్లు దాటింది. అయినా ఏళ్ల తరబడి సాగుతున్న ఒక అంతరిక్ష ధారావాహికలోని మూడు సిరీసుల గురించీ ఆయన ఎవరితోనైనా వాదించగలడు. చింతామణి హైస్కూల్లో లెక్కలు చెప్పి సాయంత్రం ఇంటికి రాగానే, టీవీలో ఒక్కో భాగం పెట్టి, పక్కన కూర్చుని ఆయనకు తెలుగులో చెప్పింది నేనే. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

మాది కైవార పక్కన పల్లె. గుడి మండపంలో ప్రతి ఏకాదశికీ పురాణం చెప్పేది మా ఇంటివాళ్లే. నాయన చెబుతుంటే ఎవరూ మధ్యలో లేచేవాళ్లు కాదు. చూపు పోయాక ఆయన ఆ పని మానుకున్నాడు. బాగేపల్లిలో ఉద్యోగం చేసే మా చిన్నాయన కొడుకు వచ్చి కూర్చుంటున్నాడు. వాడు పుస్తకం చదువుతాడు, అంతే. తలెత్తి ఎదుటివాళ్ల మొహం కూడా చూడడు. వినీ వినీ నాకు ఒళ్లు మండేది. ఆ పీట మీద నేను కూర్చుంటే ఎలా చెబుతానో నాకు తెలుసు. కూతురు కూర్చోకూడదని మా ఇంట్లో ఎవరూ అనలేదు. కూర్చోమనీ ఎవరూ అనలేదు. నేనుగా అడగను. నాయనే పిలవాలి. నాకు కావలసింది అదొక్కటే.

మొదటి సిరీసు బాగా పాతది. అట్టముక్కలతో కట్టినట్టుండే ఓడ, ప్రతిసారీ ఒక కొత్త లోకం. నాయకుడు ముందు చెయ్యి చేసుకుని తర్వాత ఆలోచించే రకం. నాయనకు తెగ నచ్చాడు.

“ఈ కత ఏ పొద్దు వచ్చి కూసున్నా అర్థమయితాది. నిన్న రానోడు ఈ పొద్దు బిక్కమొగం వెయ్యాల్సిన పనిలే,” అన్నాడు.

పురాణం చెప్పేవాడి బుద్ధి కదా. ఆలస్యంగా వచ్చి వెనక వరసలో కూర్చున్నవాడి మీదే ఎప్పుడూ ధ్యాస.

రెండో సిరీసు అదే లోకంలో వందేళ్ల తర్వాత జరుగుతుంది. ఓడను అయిదుగురు కలిసి నడుపుతారు. ఏ చిక్కు వచ్చినా బల్ల చుట్టూ చేరి వాదించుకుంటారు. “వీళ్లు మాట్లాడి తెమిలేలోగా శత్రువు ఇంటికి పొయ్యి పండుకోని లేచొస్తాడు,” అని నాయన విసుక్కునేవాడు. కానీ మరునాడు పొద్దున పళ్లు తోముకుంటూ, ఓడిపోయినవాడి తరఫున నాతో వాదన మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆ వేడిలో నాకు రెండుసార్లు బస్సు తప్పిపోయింది.

మూడో సిరీసులో అసలు ప్రయాణమే లేదు. చెడిపోయిన ఓడలను బాగుచేసే ఒక పెద్ద షెడ్డు, దాన్ని నడిపే ఒకావిడ. వాళ్లు ఎక్కడికీ పోరు, లోకమంతా వాళ్ల దగ్గరికే వస్తుంది. కథ కూడా మొదటి నుంచి చివరి దాకా ఒకటే; ఒక్క భాగం వదిలేస్తే తలాతోకా తెలియదు. నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది ఇదే.

“చింతామణి బస్టాండు కాడ గ్యారేజి మాదిరి ఉండాది. దీన్ని చూసేదానికి ఆకాశానికి పోవల్నా?” అన్నాడు నాయన.

నాకు చర్రున కోపమొచ్చి టీవీ ఆపేశాను. రెండు రోజులు ఎడమొహం పెడమొహంగా ఉన్నాం. మూడో రోజు ఆయనే, “ఆ యమ్మ షెడ్డు ఏమాయనమ్మా?” అని అడిగాడు. నెగ్గింది నేనే.

ఒక ఆదివారం మధ్యాహ్నం, శత్రువుల ఓడ ఒకటి విరిగి ఆ షెడ్డుకే వచ్చింది. ఆమె తమ్ముణ్ణి చంపినవాడే ఆ ఓడకు పెద్ద. ఆమె తలుపు మీద చెయ్యి వెయ్యగానే మా ఇంట్లో కరెంటు పోయింది. లైను పని జరుగుతోంది, సాయంత్రం దాకా రాదు.

“తీసిందా?” అన్నాడు నాయన, మంచం అంచుకు జరిగి.

తెలియదని చెప్పడానికి మనసొప్పలేదు. “నేను ఫోన్లో ముందే చూసినా నాయనా. చెప్తా విను,” అని అబద్ధమాడి మొదలుపెట్టాను. ఆమె చేత తలుపు తీయించాను. శత్రువు ఓడను ఆమె చేతే బాగుచేయించాను. చివరి బోల్టు ఒక్కటి మాత్రం పిడికిట్లో పెట్టుకుని, తమ్ముడి శవం ఎక్కడుందో వాడి నోట చెప్పించాకే బిగించింది. గంటసేపు చెప్పాను. నాయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. కరెంటు వచ్చాక ఆ భాగం జోలికి పోకుండా తర్వాతిది పెట్టి, నా కథకు పొంతన కుదరని చోటల్లా మాటలతో అతికించాను.

మూడు సిరీసులూ ముగిసిన రోజు, ఇద్దరికీ కాఫీ కలిపి తెచ్చి కూర్చున్నాను. “ఇప్పుడు చెప్పు నాయనా, ఏది గొప్పది?”

“మొదటిది పిల్లోళ్లకు బాగుంటాది. రెండోది వకీళ్లకు. మూడోది మంచిదేలే, నీ మాటే నెగ్గె. దానికంటే నాలుగోది మేలు.”

“నాలుగోది యాడుండాది?”

“కరెంటు పోయిన పొద్దు నువ్వు చెప్పింది.”

ఎలా తెలిసిందని మెల్లగా అడిగాను.

“ఇన్ని నెలలుగా ఇంటాండా కదమ్మా. ఆ కతల్లో వచ్చినోళ్లను ఎవురూ అన్నం తినిండారా అని అడగలే. ఆ పొద్దు ఆ యమ్మ తలుపు తీసి, తమ్ముణ్ణి చంపినోణ్ణి ముందు అదే అడిగె. అది వాళ్లు రాసింది కాదు. మన ఇంటి మాట.”

అలా చెప్పినట్టు నాకే గుర్తు లేదు. అలవాటుగా నోటివెంట వచ్చేసి ఉంటుంది.

“వచ్చే ఏకాదశికి నువ్వు కూసో,” అన్నాడు నాయన. “ఆ బాగేపల్లోడికి నేను చెప్తాలే.”

ఉద్యోగం వచ్చిన రోజు కూడా నాకు అంత గర్వం కలగలేదు. పైకి మాత్రం తేలనివ్వలేదు. ఆయన సరేనా అన్నట్టు నా వైపు మొహం తిప్పి కూర్చున్నాడు. రెండేళ్లు నన్ను కాచుకోబెట్టిన మనిషి. నా కాఫీ పూర్తిగా తాగేదాకా ఆయన్నీ కాచుకోబెట్టి, అప్పుడు సరేనన్నాను.