సినిమాలో అత్త, నవలలో అత్త, మా అత్త

ఈ రోజు మా ఇంట్లో నవల గెలిచింది. కిరసనాయిలు దొరకని ఈ యుద్ధం రోజుల్లో కథల పుస్తకానికి దీపం దండగని, చదవడం రాని మా అత్తగారు నా నవలను మూలపెట్టించి నెలయింది. అదే కథ టాకీగా వచ్చిందని తెలియక, మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని ఆటకు వెళ్ళారు. సినిమాలో అత్త కోడలిని పెట్టే బాధలు చూసి ఆడవాళ్ళ బెంచీలన్నీ శాపనార్థాలు పెట్టాయి. మా అత్తగారికి తల కొట్టేసినట్టయింది. జట్కా చిక్కపేట దాటినా ఆవిడ కోపం దిగలేదు.

“అత్తలంటే అందరూ రాక్షసులేనా? ఆ కథ రాసినోడికి అమ్మ లేదా?”

“రాసినాయన తప్పేం లేదత్తా. ఆ మూలనున్న నా పుస్తకం కథే ఇది. పుస్తకంలో ఆయమ్మ బంగారం. సినిమావాళ్ళే చెడగొట్టినారు,” అన్నాను.

“అట్లనా? ఆ పుస్తకం యాడుండాది? ఇంటికి పోతానే తీసి చదువు. నేనూ ఇంటాను.”

ఇల్లు చేరగానే లాంతరు వత్తి ఆవిడే పెంచారు. నేను చదువుతుంటే, రాత్రి అన్నంలోకి సారు కాచాలని నానబెట్టిన అవరెగింజల పొట్టు ఆవిడే పితికి తీశారు. నన్ను పొయ్యి దగ్గరికి కూడా రానివ్వలేదు. కథలో అత్త తన ముక్కుపుడక తీసి కోడలికిచ్చే చోట మా అత్తగారు కళ్ళొత్తుకుని, “ఇది కదమ్మా కథంటే! సినిమావాళ్ళకేం తెలుసు?” అన్నారు.

నిజానికి నవలలో అత్త సినిమాలో అత్తకంటే గయ్యాళి. ఆ ముక్కుపుడక ఇప్పించింది నేనే. నవలను మార్చే హక్కు సినిమావాళ్ళకేనా, చదివి వినిపించే కోడలికి లేదా? మీరే చెప్పండి. మా అత్తగారికి మాత్రం చెప్పకండి.