అమ్మ చేతిలో లేచిన కాయ

మా ఇంట్లో బోరు వెయ్యాలన్న నిర్ణయం ఒక్క పూటలో అయిపోయింది. ఎక్కడ వెయ్యాలన్నది మాత్రం వేసవంతా తేలలేదు. నెల్లిమర్ల పక్కన మా ఊళ్లో తుఫాను వచ్చిందంటే కరెంటు మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకని మోటారు వద్దు, చేతిపంపే పెట్టిద్దాం అన్నాడు నాన్న. అక్కడివరకూ అందరం ఒక్కమాట మీదే ఉన్నాం.

చేతిపంపు అన్నాక అదెక్కడుంటే అక్కడి నుంచి నీళ్లు మోసుకోవాలి. ఆ మోత అమ్మది. అప్పటికే వీధి కుళాయి నుంచి మోసీ మోసీ ఆవిడ మోకాళ్లు పోయాయి. మెట్టు ఎక్కినప్పుడల్లా మూలుగుతుంది. ఆ మూలుగు వింటే నాకు మా ఇంటి మగవాళ్లందరి మీదా ఒళ్లు మండేది.

చదువుకున్నవాణ్ని కదా, విజయనగరం నుంచి యంత్రంతో నీళ్లు చూసే ఆయన్ని తీసుకొచ్చాను. ఆయన పెరడంతా తీగలు పరిచి చూసి, "ఎక్కడ ఏసినా పడతాదండి. మీకెక్కడ కావాలో సెప్పండి," అన్నాడు.

నాన్నకి ఆ జవాబు నచ్చలేదు. "ఎక్కడైనా పడీదానికి ఈ మిషనెందుకురా? కాయ తే."

మా వైపు అదొక పద్ధతి. పీచు తీసిన కొబ్బరికాయని అరచేతిలో అడ్డంగా పెట్టుకుని నడుస్తారు. కింద నీళ్లుంటే కాయ లేచి నిలబడుతుంది. నాన్న చేతిలో అది సరిగ్గా వీధి అరుగు పక్కన లేచింది. ఆయన పొద్దున్నే పేపరు పట్టుకుని నలుగురితో కబుర్లాడే చోటు అది.

అక్క మొగుడు, మా బావ, ఊరుకుంటాడా? "ఏటి మావా, భోగాపురంలో ఎయిర్‌పోర్టు వస్తన్నాది. రేపు ముందర షాపులు కట్టాల. అక్కడ బోరేటి?" అంటూ కాయ లాక్కున్నాడు. ఎయిర్‌పోర్టుకీ మా వీధికీ ఎంత దూరమో ఆయనకి పట్టదు. ఆయన చేతిలో కాయ పెరటి చివర గోడ పక్కన లేచింది. గోడ అవతల స్థలం బావదే.

బోరు లారీ వాకిట్లో నిలబడ్డ రోజు కూడా మామా అల్లుళ్లు ఆ కాయ కోసం గుంజుకుంటూనే ఉన్నారు. లారీవాడు తొందర పెడుతున్నాడు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఇటు తెండి," అని కాయ తీసుకుంది. తిన్నగా వంటింటి గుమ్మం దగ్గరికి నడిచింది. రెండో చేత్తో కాయని పట్టుకుని నిలువుగా నిలబెట్టింది. దాపరికమేమీ లేదు, అందరం చూస్తూనే ఉన్నాం.

"లేసింది. ఇక్కడ ఏసీయండి," అంది.

బావ ఏదో అనబోయాడు. నాన్న, అమ్మ మోకాళ్ల వైపు ఒకసారి చూసి, "లేసింది కదా, కనపడత్లేదేటి?" అని అల్లుణ్ని కసిరాడు. ఆ క్షణాన నాన్న నాకు ఎంత నచ్చాడో చెప్పలేను.

నీళ్లు పడ్డాయి. యంత్రం ఆయన చెప్పిందే జరిగిందని నేనంటే ఎవరూ వినలేదు. అదంతా అమ్మ చేతి మహిమేనని ఊరంతా పాకింది. కొన్నాళ్లకి ఎదురింటి పెద్దాయన కాయ పట్టుకుని వచ్చాడు. "వదినా, మా ఇంటికీ ఓపాలి సూసిపెట్టాల."

అమ్మ వెళ్లింది. వాళ్ల వాకిట్లో కాయ అందుకుని, "మీ ఇంట్లో నీల్లు మోసీది ఎవరు?" అని అడిగింది.

తలుపు చాటు నుంచి వాళ్ల కోడలు బయటికొచ్చింది.

"రావే అమ్మా, ఎక్కడ కావాలో సూపించు," అని అమ్మ ఆ పిల్ల వెనకాలే నడిచింది.