ఉండవల్లి గుహలో గురక

దుర్గమ్మ కొండ వైపు తిరిగి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. నవ్వితే నవ్వండి. ఆ సాయంత్రం అక్కడుంటే మీరూ నవ్వేవాళ్లు కాదు.

డెబ్బైల నాటి మాట. మాకు కొత్తగా పెళ్లయింది. మావారిది కంకిపాడు. సరదాగా నాలుగు చోట్లు తిరుగుదామని బెజవాడ గాంధీనగర్‌లో ఓ హోటల్లో దిగాం. తిరుగుతున్నాం గానీ మా మధ్య మాటలే లేవు. ఆయన "కాఫీ?" అంటే నేను "ఊఁ". అంతే. ఇంకా చూడాల్సినవి ఏమున్నాయని అడిగితే హోటల్ మేనేజరు, "కొండ ఎక్కేశారు, మ్యూజియం చూసేశారు. ఇక ఉండవల్లి గుహలేనండీ. బ్యారేజీ దాటితే వచ్చేస్తాయి," అన్నాడు.

మేం చేరేసరికి పొద్దు వాలింది. మెట్ల మీద కాపలా ముసలాయన చుట్ట కాలుస్తున్నాడు. "చీకటి పడిపోద్దండీ, తొందరగా వచ్చెయ్యండి," అన్నాడు.

పై అంతస్తులో అనంతపద్మనాభస్వామి. రాతిలో... అంత పొడుగు మనిషి... పడుకుని ఉన్నాడు. గబ్బిలాల వాసన. కాళ్ల కింద చల్లటి రాయి. మావారు అగ్గిపుల్ల గీశారు.

అప్పుడు వినిపించింది.

గుర్ర్... ర్ర్...

ఆగింది. మళ్లీ... గుర్ర్... చివర్లో సన్నగా ఈల.

గురక! మా తాతయ్య గురక వింటూ పెరిగినదాన్ని, నాకు తెలియదా?

"ఏమండీ... మీకూ..."

"గాలి," అన్నారాయన. పుల్ల ఆరిపోయింది.

కొత్త పెళ్లాం ముందు పరువు పోకూడదు కదా... గట్టిగా అరిచారు. "ఎవరయ్యా అక్కడ?"

గురక ఠక్కున ఆగిపోయింది.

నిశ్శబ్దం... గబ్బిలం కూడా కదల్లేదు... అప్పుడు... ఆ చీకట్లో ఎవరో గొంతు సవరించుకున్నారు. నెమ్మదిగా. పెద్దమనిషి తరహాలో.

మావారు రెండు చేతులూ జోడించారు. "సారీ అండీ. పడుకోండి," అన్నారు.

ఇక చూడండి మా పరుగు! ఆయన బెల్‌బాటం ప్యాంటు మడమల కింద పడుతోంది, నా కుచ్చిళ్లు ఊడిపోతున్నాయి, ఎవరు ఎవరిని లాక్కొచ్చారో తెలియదు. కింద ముసలాయన కూర్చున్న చోటే ఉన్నాడు.

"లోపల ఎవరైనా పడుకున్నారా?" అడిగారు మావారు, రొప్పుతూ.

ముసలాయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు. చుట్ట నోట్లోంచి తీశాడు.

"లేపారా ఏంటండీ?"

రెండో మాట అడగలేదు. బస్సు కోసం పరుగు.

ఆ రాత్రి గదిలో లైటు ఆర్పలేదు. భయం తెలియకుండా ఉండాలని కబుర్లు మొదలుపెట్టాం. తెల్లారేదాకా ఆపలేదు. ఈయనకు ఇన్ని మాటలు వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

ఇప్పటికీ గాలేనంటారు మావారు. అయ్యుండొచ్చు. గాలికి గురక కూడా రావచ్చు. కానీ గొంతు సవరించుకోవడం... ఏమో మరి!