కర్లపాలెం దాటాక వెనక్కి చూడలేదు

నలభై మూడో ఏట నాకు కూర్చోవడం చేతకాకుండా పోయింది. కారణమేంటో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. తెనాలిలో ఒక బడిలో లెక్కలు చెబుతాను. ఆ ఏడాదే మా పిల్లవాడు ఇంటర్‌కి హాస్టల్లో చేరాడు. ఇంట్లో పని సగమైంది. నా ఒళ్ళు మాత్రం ఎనభై నాలుగు కిలోలకు చేరింది. మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేసేవి. షుగరు అంచు మీద ఉందనీ, కనీసం పది కిలోలు తగ్గమనీ డాక్టరుగారు చెప్పారు.

"నడవండమ్మా, అంతకన్నా మందు లేదు" అన్నారు.

నడిచి చూశాను. ఆలోచనలు కూడా నాతోపాటే నడిచేవి. ఒక్కటీ వెనకబడేది కాదు. పిల్లవాడి గేర్ల సైకిల్ మెట్ల కింద దుమ్ము పట్టి ఉంటే తుడిచి, గాలి కొట్టించి, ఒక ఉదయం ఎక్కాను. మొదటిరోజు ఊరి చివర కాలవ వంతెన దాకా వెళ్ళేసరికే రొప్పు వచ్చింది. నెల తిరిగేసరికి వేమూరు దాకా వెళ్ళొచ్చి, బడికి తొమ్మిదిన్నరకల్లా తయారయ్యేదాన్ని.

మా ఆయన మెచ్చుకుని చేతికి పెట్టుకునే వాచీ ఒకటి కొనిపెట్టారు. ఎంత దూరం తొక్కానో, ఎంత వేగంతో, ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో అది చెబుతుంది. లెక్కల టీచరు చేతికి అలాంటిది ఇవ్వకూడదు. రెండు ఇడ్లీలు కరగాలంటే వంతెన దాకా చాలు. పులిహోర తింటే వేమూరు పోవాలి. పెళ్ళి భోజనానికి కూర్చుంటే విస్తరి నిండా నాకు ఊళ్ళ పేర్లే కనిపించేవి. అయిదు నెలల్లో పదకొండు కిలోలు తగ్గాను. అందరూ బాగున్నావన్నారు. నాకు మాత్రం ఇంకా ఏదో మిగిలిపోయినట్టే ఉండేది.

"టీచరుగారూ, బల్ల ఊగుతోందండీ" అని స్టాఫ్ రూములో పక్కనున్నావిడ అనేది. చూస్తే, బల్ల కింద నా కాలు ఆడుతూ ఉండేది.

"కాసేపు కూర్చోవే" అనేవారు మా ఆయన, ఇంటి దగ్గర.

"కూర్చునే ఉన్నాగా."

"నువ్వు కూర్చున్నావు. నీ కాళ్ళు ఎక్కడికో పోతున్నాయి చూడు."

పై వాటాలో మా తోడికోడలు ఉంటుంది. నాకన్నా ఏడేళ్ళు పెద్దది. నేను అక్కా అంటాను. నేను సన్నబడటం చూసి ఆవిడకీ ఆశ పుట్టింది. చిన్నప్పుడు రేపల్లెలో కాలేజీకి సైకిల్ మీదే వెళ్ళేదట. ముందు బుట్ట ఉన్న లేడీస్ సైకిల్ కొనిపించుకుని నాతో బయలుదేరింది. ఆవిడతో చిక్కేంటంటే, ఊరికే ఆగుతుంది. జామకాయలు కనిపిస్తే ఆగుతుంది. నారు మళ్ళలో ఉన్న ఆడవాళ్ళని "ఏ ఊరమ్మా మీది?" అని పలకరిస్తుంది. వాళ్ళు ఊరు చెబితే, ఆ ఊళ్ళో తనకి తెలిసినవాళ్ళ సంగతులన్నీ అడుగుతుంది. అంతసేపూ నేను ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడల్ మీద పెట్టి, వాచీలో సగటు వేగం పడిపోవడం చూస్తూ నిలబడేదాన్ని.

చలికాలం మొదట్లో ఇద్దరం ఒక ప్రయాణం పెట్టుకున్నాం. శనివారం తెనాలి నుంచి రేపల్లె. రాత్రికి అక్కావాళ్ళ పుట్టింట్లో పడక. ఆదివారం చెరుకుపల్లి, కర్లపాలెం మీదుగా బాపట్ల, అక్కణ్ణుంచి సూర్యలంక. సముద్రం చూసి, బాపట్లలో రైలెక్కి ఇంటికి. శనివారం బాగానే గడిచింది. ఆదివారం పొద్దున్నే అక్కావాళ్ళమ్మ పెసరట్లు వేస్తే అక్క మూడు తిన్నది. నేను పాలు లేని కాఫీ, సగం అరటిపండు చాలన్నాను. అక్క సైకిల్ బుట్టకి మూత లేదు. పడిపోతుందేమోనని తన ఫోను నా సంచిలో వేసింది.

కర్లపాలెం దాటేసరికి నా వాచీలో అంకెలు అంతకుముందెప్పుడూ చూడనంత బాగున్నాయి. ఇదే ఊపులో సముద్రం దాకా పోతే నా లెక్కల్లో అదే రికార్డు. వెనకనుంచి అక్క పిలిచింది.

"ఆగవే! నీళ్ళు తాగి పోదాం."

విన్నాను. స్పష్టంగా విన్నాను. విననట్టు గేరు మార్చి తొక్కాను. రోడ్డు పక్క సరుగుడు తోటలు గబగబా వెనక్కి పోయాయి. బాపట్ల ఊరు దాటాను. సముద్రపు గాలి ఎదురుకొట్టినా దిగలేదు. ఇసుక తగిలాక దిగి, ముందు వాచీ చూసుకున్నాను. సముద్రాన్ని ఆ తరవాత చూశాను.

అక్క కోసం పావుగంట చూశాను. అరగంట చూశాను. సెలవుకి వచ్చిన జనం మధ్య అక్క పచ్చ చున్నీ కోసం వెతికాను. ఫోన్ చేద్దామని సంచి తెరిస్తే రెండు ఫోన్లూ అందులోనే ఉన్నాయి.

వెనక్కి తొక్కాను. గాలి వీపు మీద నెడుతున్నా దారి తరగలేదు. ఎదురొచ్చే ప్రతి ఆటోలోకీ తొంగిచూశాను. బాపట్ల దాటి కర్లపాలెం రోడ్డులో కొంతదూరం వెళ్ళాక, ఒక టీ కొట్టు గోడకి అక్క సైకిల్ ఆనించి ఉంది. హ్యాండిల్ వంకర తిరిగింది. వెనక చక్రంలో పచ్చటి గుడ్డ ముక్క చుట్టుకుని ఉంది.

కొట్టాయన నా తలవైపు చూసి లేచాడు. "ఎర్ర హెల్మెట్టు. మీరేనాండీ ముందెళ్ళిన చెల్లెలుగారు?"

"మా అక్కకేమైందండీ?"

"చున్నీ చక్రంలో పడి పడిపోయారండి. చెయ్యి వాచింది. చేపలమ్ముకునే ఆవిడ ఆటోలో పోతా చూసి, బాపట్ల ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మీరొస్తారనీ, కంగారుపడతారనీ, మంచినీళ్ళిచ్చి పంపమనీ చెప్పారండి." గ్లాసు అందించాడు.

అంటే, నేను రెండుసార్లు బాపట్ల ఊళ్ళోంచే పోయాను. రెండోసారి పోయేటప్పటికి అక్క అక్కడే ఉంది.

ఆసుపత్రిలో అక్క బెంచీ మీద కూర్చుని ఉంది. మణికట్టు ఎముక చిట్లింది. అప్పుడే కట్టు కట్టారు. పక్కన ఒక పెద్దావిడ, కాళ్ళ దగ్గర ఖాళీ చేపల బేసిన్ పెట్టుకుని, అక్క చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సూర్యలంక దగ్గర పల్లె ఆవిడది.

"నువ్వేనా తల్లీ ముందుపోయింది?" అంది నన్ను చూసి. "అంత తొందరగా ఏం పనిమీద పోతన్నారమ్మా?"

"పనేం లేదండి. ఒళ్ళు తగ్గడానికి."

ఆవిడ నన్ను కిందనించి పైదాకా చూసింది. "నేను పొద్దుటేల నించీ మూడూళ్ళు తిరిగానమ్మా నెత్తిన బరువేసుకుని. నాకేం తగ్గింది?" అని తన నడుం మీద చరుచుకుంది. అక్క పగలబడి నవ్వి, వెంటనే "అమ్మా, చెయ్యి!" అని మూలిగింది. నేను నవ్వలేకపోయాను. మంచినీళ్ళ సీసా మూత తీయబోతే ఎంత తిప్పినా తెరుచుకోలేదు. ఆ పెద్దావిడే తీసి ఇచ్చింది. "ముందు ఏదన్నా తిను. పడిపోయినావిడ కన్నా నువ్వే అధ్వాన్నంగా ఉన్నావు" అంది.

సాయంత్రం బావగారు కారులో వచ్చారు. "చున్నీ సరిగ్గా ముడేసుకోలేదు, తప్పు నాదే" అని ఆయనతో అక్కే చెప్పింది. నేను వెనక సీట్లో కూర్చుని ఆ మాట కాదనలేదు.

కట్టు ఆరు వారాలు. రోజూ పొద్దున పైకి వెళ్ళి అక్కకి జడ వేసేదాన్ని. అంతసేపు ఒకచోట కూర్చోవడం నాకు శిక్షలా ఉండేది. చేతులు వాటంతటవే తొందరపడేవి.

"మెల్లగా లాగవే. నా జుట్టు సైకిల్ చైనేంటి?" అనేది.

ఒకరోజు పాపిడి తీస్తూ, మొహం కనబడదన్న ధైర్యంతో అన్నాను. "అక్కా, ఆ రోజు నువ్వు ఆగమని పిలిచావు. నాకు వినిపించింది."

"తెలుసు."

దువ్వెన ఆగిపోయింది.

"నీ తల కొంచెం పక్కకి తిరిగింది. తరవాతే జోరుగా తొక్కావు. నిన్ను అందుకుందామని నేనూ తొక్కాను. అప్పుడే చున్నీ జారింది."

"మరి ఆసుపత్రిలో ఎందుకనలేదు?"

"నీ మొహం చూశాక ఇంకేమంటాను?" అంది అక్క. "కోపం రాలేదనుకోకు. చాలా వచ్చింది. ఇప్పుడూ ఉంది కొంచెం. జడ వెయ్యి, బడికి ఆలస్యమవుతుంది."

ఆ కొంచెం కోపం పోవడానికి ఎన్నాళ్ళు పట్టిందో నాకు తెలియదు. అడగలేదు. కట్టు విప్పాక ఆవిడ మణికట్టు మునుపటిలా వంగలేదు. బ్రేకు పట్టుకోవడం కష్టమని సైకిల్ మానేసింది. సాయంత్రాలు కాలేజీ మైదానంలో నలుగురు ఆడవాళ్ళతో గట్టిగా కబుర్లు చెప్పుకుంటూ నడుస్తుంది. నాలుగు కిలోలు తగ్గింది. నాకు రెండు కిలోలు మళ్ళీ వచ్చాయి.

నేనింకా తొక్కుతూనే ఉన్నాను. మానేద్దామని ఒక వారం ఇంట్లో ఉంటే, బట్టలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాను. మా ఆయనే సైకిల్ బయటికి తీసి నిలబెట్టారు.

పోయిన నెల ఒక్కదాన్నే రేపల్లె వెళ్ళాను. అక్క పంపిన పచ్చడి సీసా వాళ్ళమ్మకి ఇచ్చాను. ఆవిడ ఫ్యాను వేసి, కుర్చీ లాగి, మజ్జిగ ఇచ్చి, అమ్మాయి చెయ్యి ఎలా ఉందని అడిగింది. చెప్పాను. వరండాలో నీడగా, చల్లగా ఉంది. తాగి లేచి నిలబడ్డాను.

"అప్పుడే లేచావేంటమ్మా?"

"ఎండెక్కుతుంది పిన్నిగారూ" అన్నాను.

ఎండ అప్పటికే ఎక్కింది. ఆ సంగతి ఆవిడకీ కనిపిస్తూనే ఉంది. గేటు తీసి పట్టుకుంది.