పది గుంటలు తక్కువ రెండెకరాలు

ఇందులో ప్రతి అక్షరం నిజమని సూర్యుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను (అంతా పట్టపగలే జరిగింది కాబట్టి ఆయన చూసే ఉంటాడు). ఎనభైల నాటి ఆ రోజుల్లో కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్లేవాళ్లం. సుబేదారిలో అలాంటి ఒక గదిలో నేను బేసిక్ భాష నేర్పే మాస్టారిని (నాకంటే రెండు పాఠాలు వెనక ఉన్నవాళ్లంతా నా శిష్యులే). పత్తి చేనుకు ఎంత పురుగుమందు కలపాలో చెప్పే ఫంక్షన్ ఒకటి రాసి మహా మురిసిపోతున్నాను. దానికి రెండు అంకెలు అందించాలి: ముందు ఎకరాలు, తర్వాత గుంటలు (ఎకరానికి నలభై).

ఒక పొద్దున హసన్‌పర్తి నుంచి మా పెద్దబాపు (మా నాన్నకు అన్న) వచ్చాడు.

"ఏందిరా మాస్టరూ, నీ డబ్బా నా చేనుకు లెక్క చెప్తదా?"

"చేనెంత పెద్దబాపూ?"

"పది గుంటలు తక్వ రెండెకరాలు."

మా దగ్గర చేను కొలత అలాగే చెబుతారు. నేను విన్న వరుసలోనే పది, రెండు కొట్టాను. తెర మీద అయిదు లీటర్లని పడింది. "గింతనా!" అన్నాడాయన. "మిషిన్ తప్పు చెప్పది పెద్దబాపూ" అంటూ కాగితం మీద రాసిచ్చాను. రుమాలులో ముడేసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం క్లాసులో పాఠం చెబుతున్నాను. "ఫంక్షన్‌కు మన మనసులో మాట తెలియదు. మొదట ఏది అందిస్తే అదే ఎకరాలనుకుంటుంది..." చాక్‌పీసు బోర్డు మీదే ఆగిపోయింది. ఎకరం ముప్పై గుంటల చేనుకు నేను పదెకరాల మందు రాసిచ్చాను! అదంతా పడితే ఆకు మాడి ఏడాది పంట పోతుంది. పరుగెత్తి సైకిల్ ఎక్కాను. దారిలో చైన్ రెండుసార్లు ఊడింది. వీపున పంపు తగిలించుకున్న ప్రతి మనిషీ పెద్దబాపులాగే కనిపించాడు. చేరేసరికి ఆయన గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. పక్కన పంపు ఖాళీగా ఉంది.

"కొట్టినవా పెద్దబాపూ?"

"కొట్టిన."

"ఎంత కలిపినవ్?"

"ఎప్పటి లెక్కనే. నీ కాయితం సూస్తె నవ్వచ్చింది కొడుకా. గంత మందు కొడ్తె పురుగులతోని నేను గూడ పోత. జర చేను మొఖం సూసి లెక్కచెయ్యిరా."

ఇక ఒప్పుకోవాలి. ఆ సైకిల్ నేను ఎక్కనే లేదు. శిష్యుల ముందు తప్పు ఒప్పుకోలేక, గంట కొట్టేదాకా పాఠం చెప్పాను. సాయంత్రం పెద్దబాపే వచ్చి, ఆ మాటలు ఎవరికీ వినపడకుండా నా చెవి దగ్గర అని, నవ్వి వెళ్లాడు. ఆ రోజు తొక్కాల్సిన సైకిల్‌ను ఇన్నేళ్లుగా ఇలా చెప్పినప్పుడల్లా తొక్కుతున్నాను. మొదట్లో చైన్ ఒక్కసారే ఊడేది.