పూజకు పెట్టిన కుందేలు

ఆ రోజుల్లో ఒక్కో ఇంటికి ఒక్కో పిచ్చి ఉండేది. కొల్లాపూర్‌లో మా ఇంటిది కుందేలు పిచ్చి. టీవీకి తగిలించే వీడియో గేమునూ, అందులో దోపే పచ్చ క్యాసెట్టునూ మా చిన్నాయన తెచ్చాడు. ఆ ఆటలో ఒక కుందేలు గుంతలు దూకుతూ, పాములను తప్పించుకుంటూ తన ఇల్లు చేరాలి. ఒక్కనాడూ చేరలేదు. (కరెంటు పోతే ఆట మళ్లీ మొదటికి వచ్చేది. మా ఊరి కరెంటు సంగతి మీకు వేరే చెప్పాలా!) దసరా మరునాడు పొద్దున్నే చిన్నాయన పుణెకు బిల్డింగు పనికి పోవాలి. ఆలోగా దాన్ని ఇంటికి చేర్చి తీరాలని మా ఇద్దరి పంతం.

దసరా పొద్దున అవ్వ నాగలికీ, మోటారు స్టార్టరుకూ, అమ్మ కుట్టుమిషనుకూ పసుపు కుంకుమ పెడుతుంటే నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. మా గేమేం తక్కువ తిన్నది? తెచ్చి వరసలో పెట్టాను.

"గిదేంది బిడ్డా? గిదేం పని జేస్తది?" అంది అవ్వ.

"పొద్దుందాక జేస్తది అవ్వా. అమ్మనడుగు."

"జేస్తది, జేస్తది. దీని పనికే నా సీరియల్లన్ని పాయె" అంది అమ్మ.

అవ్వ దానికి నిండుగా బొట్లు పెట్టి, బంతిపువ్వు పెట్టింది. అప్పుడే స్నానం చేసి వచ్చిన చిన్నాయన నెత్తి పట్టుకున్నాడు. "ఏం జేసినవే! పూజకు వెట్టిన సామాను ఇయ్యాల ముట్టనిస్తదా అమ్మ?" అవ్వ ముట్టనివ్వదు. రేపు పొద్దున గానీ తీయదు. అప్పటికి చిన్నాయన బస్సులో ఉంటాడు. నా తెలివికి నేనే కూర్చుని ఏడ్చాను.

సాయంత్రం చిన్నాయన అవ్వ చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కాడు. లేస్తూ గేము వైపు చూశాడు.

"గంత పానం గొట్టుకుంటుందారా దాని మీద?" అంది అవ్వ.

"అది ఇల్లు జేరంగ ఒక్కసారి సూసి పోదామనుకున్ననే."

అవ్వ గేము దగ్గరికి వచ్చింది. తన చేతులతోనే బంతిపువ్వు తీసేసింది. "దేవునికి నేను జెప్పుకుంటలే. జేర్చుర్రి."

ఆ పూట కరెంటు కూడా మా మీద దయ చూపింది. కుందేలు ఇంట్లోకి పోయింది, తలుపు పడింది. మేం కేకలు పెట్టి ఎగిరేలోపు అది మళ్లీ మొదటి గుంత ముందు నిలబడి ఉంది! నా మొహం వాడిపోయింది. అవ్వ మాత్రం టీవీని వదిలి చిన్నాయననే చూస్తూ, "మొదటికి రానీ బిడ్డా. తొవ్వ ఎరికైంది గద, మల్ల జేరుతది" అంది. చిన్నాయన తల వంచుకుని వైర్లు చుట్టాడు.

మొన్న మా అబ్బాయి ఫోనులో ఆ ఆట దొరికింది. మొదటి గుంతలోనే పడ్డాను. ఇప్పుడు ఊళ్లోనే మామిడి తోట చూసుకుంటున్న చిన్నాయనకు ఫోన్ చేసి చెబితే, "తొవ్వ మర్సినవా?" అని నవ్వాడు. తోవ గుర్తుంది చిన్నాయనా, వేళ్లే లావయ్యాయి అన్నాను. అబ్బాయి చూడకుండా ఆ ఫోను మీద చిన్న కుంకుమ బొట్టు పెట్టి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.